తప్పు మేస్త్రి పిన్నుది కాదు

చిన్న పిస్టల్‌ను మొదటిసారి చూసినవాళ్లు నవ్వుతారు. మా క్లబ్‌కు కొత్తగా వచ్చినవాళ్ల అరచేతిలో ఒక పాయింట్ టూ టూ తూటా పెడితే, రెండు వేళ్ల మధ్య తిప్పి చూసి, "గిదేంది అన్నా, పిట్టలను కొడ్తరా దీంతోని?" అంటారు. కందిగింజంత లావు, అంగుళం పొడవు. నవ్వు రావడం సహజమే. ఇరవై అయిదు మీటర్ల దూరంలో ఉన్న నల్లటి చుట్టులో వరుసగా ఐదు తూటాలు దించమని అడిగేదాకా ఆ నవ్వు ఉంటుంది.

నేను ఇరవై రెండేళ్లు ఆ తూటాలకు కాపలా ఉన్నాను. పాతబస్తీ అంచున, ఒక పాత గోదాము వెనక నడిచే చిన్న షూటింగ్ క్లబ్‌లో స్టోర్ ఇంచార్జిని. మాది సైదాబాద్‌లో పాల వ్యాపారం చేసే కుటుంబం. తాత బర్రెలు మేపాడు. నాన్న, ఆయన తర్వాత అన్న డెయిరీ షాపు నడిపారు. నేను పొద్దున్నే పాలు పంచి వచ్చి, ఎనిమిదింటికి క్లబ్ తాళం తీసేవాణ్ణి. ఇన్నేళ్లలో మా రేంజ్‌లో ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. కరెంటు లైన్‌మన్ కూతురు, బస్సు కండక్టర్ కొడుకు, గాజుల దుకాణంలో లెక్కకు కూర్చునే యువకుడు, వీళ్లంతా మా నాలుగు పాత పిస్టళ్లతోనే రాష్ట్ర పోటీల దాకా వెళ్లారు. పెద్ద క్లబ్‌లవాళ్లు సొంత పిస్టళ్లు తోలు పెట్టెల్లో తెచ్చుకునేవారు. మావాళ్లు ఒకే పిస్టల్‌ను నలుగురు వంతులేసుకుని సాధన చేసి, వాళ్ల పక్కనే నిలబడి, వాళ్లను దాటిపోయేవారు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. ఎందుకు దాచుకోవాలి?

కానీ ఆ గర్వంలో సగానికి పైగా ఇంకొక మనిషిది. ఆ మనిషి మీద తొమ్మిదేళ్లపాటు నేను ఒక తప్పును అలాగే ఉండనిచ్చాను.

ఆయన్ని అందరూ మేస్త్రి సాబ్ అనేవారు. ఒక ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టర్‌గా పనిచేసి, ముందుగానే ఉద్యోగం వదులుకుని, తండ్రి నడిపిన తుపాకుల మరమ్మతు కొట్టును చేతిలోకి తీసుకున్నాడు. లైసెన్సు గోడకు వేలాడేది. గాజుల దుకాణాల వరుస దాటాక ఒక సందులో, ఇద్దరు పక్కపక్కన నిలబడలేని కొట్టు. ఇనుప ముక్కను బిగించి పట్టే ఒక వైస్, వరుసగా ఆకురాళ్లు, ఒక భూతద్దం. ఆదివారం చర్చి అయ్యాక చేతిలో చిన్న రేకు పెట్టెతో మా రేంజ్‌కు వచ్చేవాడు. నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, నన్ను తమ్మీ అనేవాడు.

కాల్చడం కూడా ఆయనే నేర్పాడు. నా మొదటి ఐదు తూటాలు లక్ష్యం కింద మట్టిలో దిగితే, "ట్రిగ్గర్‌ను పొదుగు లెక్క గుంజకు తమ్మీ. గిక్కడ పాలు రావు" అన్నాడు. రేంజ్‌లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ తర్వాత ఒక సంవత్సరం పాటు నన్ను అందరూ పొదుగన్న అనే పిలిచారు.

చిన్న తూటా ఒక్కోసారి పేలకుండా ఎందుకు అలుగుతుందో నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆయనొక్కడే. పెద్ద తుపాకుల తూటాకు అడుగున నడిమధ్య ఒక చిన్న మూత ఉంటుంది, నిప్పందుకునే మందు దానిలో ఉంటుంది. చిన్న తూటాకు ఆ మూత లేదు. దాని అడుగంచు లోపల బోలుగా ఉండి, ఆ బోలులోనే మందు పూసి ఉంటుంది. పిన్ను వచ్చి అంచును నలిపితే మందు మండుతుంది.

"పెద్దదానికి నడుమ బొట్టు ఉంటది" అన్నాడు మేస్త్రి. "దీనికి బొట్టు లేదు. అంచు పొంటి కాటుకనే. ఆ కాటుక ఒక దిక్కు పల్చగ పడ్డదనుకో, పిన్ను సరిగ్గ గాడనే కొట్టిందనుకో, ఇగ పేలదు. తిప్పి పెట్టి ఇంకో దిక్కు కొట్టు, పేల్తది."

పేలని తూటాను పారేయకూడదన్నది ఆయన కట్టడి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే పిస్టల్‌ను లక్ష్యం వైపే ఉంచి ముప్పై లెక్కపెట్టాలి. తర్వాత తూటా బయటికి తీసి, దాని అడుగున పిన్ను పడిన గుర్తు చూడాలి. గుర్తు పలచగా ఉంటే తప్పు పిస్టల్‌ది. పిన్ను అరిగి ఉండవచ్చు, స్ప్రింగ్ సడలి ఉండవచ్చు, లేదా లోపల మడ్డి పేరుకుని తూటా చివరిదాకా కూర్చోకపోయి ఉండవచ్చు. గుర్తు లోతుగా ఉండి కూడా పేలలేదంటే తప్పు తూటాది. ఆ తూటాలన్నీ విడిగా ఒక డబ్బాలో వేయమనేవాడు. "ముందు గుర్తు సూడు, తర్వాత నోరు తెరువు" అనేవాడు. నేను ఆ డబ్బా ఉంచాను. చూడాల్సిన రోజున చూడలేదు.

తొమ్మిదేళ్ల కిందటి మే నెలలో ఇది మొదలైంది. మా స్టోర్ గది రేకుల కప్పుది. ఆ ఎండాకాలం లోపల నిలబడితే మాడు కాలేది. ఒక రోజు బీరువా తెరిచి తూటాల పెట్టె తీస్తే అడుగున నూనె మరకలా ఉంది. సీసపు గుండ్ల మీద పూసి ఉండే మైనం కరిగి కారుతోంది. పాల ఇంట్లో పుట్టినవాడికి ఎండాకాలం అంటే ఒకటే భయం, సరుకు విరిగిపోతుందని. చల్లగా ఉంటే బాగుంటుంది, వేడెక్కితే పాడవుతుంది. అంతకు మించి నేను ఆలోచించలేదు.

డెయిరీలో మూలన పడి ఉన్న చిన్న ఫ్రీజర్ ఒకటి తెచ్చాను. మూతకు తాళం ఉంది. నీళ్లు గడ్డకట్టనంత చల్లదనానికి మీట తిప్పి పెట్టాను. రోజువారీ సాధనకు వాడే పెట్టెలన్నీ అందులో సర్దాను. పట్టకుండా మిగిలిన ఒక్క పెట్టె బీరువా అడుగునే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే పెట్టెల్లోంచి కావలసినన్ని యాభై తూటాల డబ్బాలు తీసి బల్ల మీద పెట్టేవాణ్ణి. సాయంత్రం మిగిలినవి మళ్లీ లోపల పెట్టేవాణ్ణి. చల్లటి తూటాలు బయటికి రాగానే వాటికి చెమట పట్టేది. భుజం మీది తువ్వాలుతో, పాల ప్యాకెట్లు తుడిచినట్టే, ఒక్కొక్కటీ శుభ్రంగా తుడిచి ఇచ్చేవాణ్ణి.

క్లబ్ సెక్రటరీ అది చూసి మెచ్చుకున్నాడు. ఆయన రిటైరైన బ్యాంకు మేనేజరు, ఎవరినీ ఊరికే పొగిడే మనిషి కాదు. "పాలోనివి అనిపించినవ్ పో" అని భుజం తట్టాడు. వేరే క్లబ్‌ల వాళ్లు వస్తే ముందు ఫ్రీజర్ చూపించి తర్వాతే టీ ఇప్పించేవాడు. ఆ నెలంతా నా కాళ్లు నేల మీద లేవు.

జూన్‌లో మూడో నంబర్ పిస్టల్ పిన్ను అరిగిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తూటా లేకుండా ఖాళీగా ట్రిగ్గర్ నొక్కుతూ ఉంటారు. పెద్ద తుపాకీ అయితే ఓర్చుకుంటుంది. దీనిలో పిన్ను నేరుగా ఉక్కు అంచుకు తగిలి మొద్దుబారుతుంది. కంపెనీ పిన్ను ఎక్కడా దొరకలేదు. మేస్త్రి ఉక్కు ముక్కను ఆకురాయితో అరగదీసి, కాల్చి, చల్లార్చి, మళ్లీ అరగదీసి నాలుగు రోజుల్లో కొత్త పిన్ను చేశాడు. రవ్వంత పొడవైతే అంచును చెడగొడుతుంది, రవ్వంత పొట్టిదైతే తూటాను నలపదు. తెచ్చి బిగించి నా ముందే యాభై తూటాలు కాల్చాడు. ఒక్కటి కూడా పేలకుండా ఆగలేదు. ఆ పిన్నును నేను చేతిలో పట్టుకుని చూశాను. చేత్తో చేసింది అంటే ఎవరూ నమ్మరు.

జూలైలో వానలు పట్టాయి. అప్పటి నుంచి తూటాలు ఆగిపోవడం మొదలైంది. డబ్బాకు ఒకటి, తర్వాత రెండు. నాలుగు పిస్టళ్లలోనూ ఆగాయి కానీ, అందరూ ఎక్కువగా వాడేది మూడో నంబర్ కాబట్టి దానిలోనే ఎక్కువ కనిపించాయి. నేను పేలనివాటిని డబ్బాలో వేస్తూ పోయాను. గుర్తు చూడలేదు. కొత్త పిన్ను కదా, ఇంకా సర్దుకోలేదేమో అనుకున్నాను.

నెలాఖరున రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ జరిగింది. మా లైన్‌మన్ కూతురు మూడో నంబర్‌తో, మా స్టోర్ తూటాలతో దిగింది. అప్పుడామెకు పంతొమ్మిదేళ్లు. మా క్లబ్‌లో ఇప్పటిదాకా నేను చూసినవాళ్లందరిలో ఆమె చేతికి ఉన్న నిలకడ వేరే. ఒకసారి తూటా పేలకపోతే మళ్లీ కాల్చే అవకాశం ఇస్తారు. ఆ అవకాశం వాడుకుంది. అదే వరుసలో రెండోసారి ఆగింది. దానికి సున్నా వేశారు. ఆ సున్నాతో ఎంపిక పోయింది. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఆమె ఏడవలేదు. కిటికీలోంచి చూస్తూనే, "అంకుల్, గీ పిన్ను ఎవరు చేసిండ్రు?" అని అడిగింది.

"మేస్త్రి సాబ్" అన్నాను.

అబద్ధం కాదు. కానీ ఆమె అడిగింది తప్పు ఎవరిదనేనని నాకు తెలుసు.

ఏం జరిగిందో సెక్రటరీ కాగితం మీద రాసిమ్మన్నాడు. రాశాను. కొత్త పిన్ను వేసిన తర్వాతే తూటాలు పేలకపోవడం మొదలైందనీ, పిన్ను లోపం వల్లనే ఇలా జరుగుతోందని నా అభిప్రాయమనీ రాసి సంతకం పెట్టాను. ఫ్రీజర్ గురించి ఒక్క మాట లేదు. దాచాలని కాదు, అది గుర్తుకే రాలేదు. మంచి పని చేశామనుకున్నప్పుడు దాన్ని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

నాలుగు రోజులకు, ఆ కాగితం సంగతి విని మేస్త్రి వచ్చాడు. వారం మధ్యలో, మిట్టమధ్యాహ్నం, సన్నటి తుంపర. రేంజ్‌లో నేను తప్ప ఎవరూ లేరు. గొడుగు గోడకు ఆనించి, కూర్చోకుండానే అన్నాడు.

"ఆ డబ్బా తే తమ్మీ."

"ఏ డబ్బా అన్నా?"

"పేలనియన్ని దాస్తవు కద. నేనే నేర్పిన. తే."

డబ్బాలోంచి చేతికందిన పదకొండు తూటాలు గుడ్డ మీద వరుసగా పరిచాడు. భూతద్దం నా చేతికిచ్చాడు. "నువ్వే సూడు. ఎట్లున్నయ్ గుర్తులు?"

చూశాను. "లోతుగనే ఉన్నయ్ అన్నా."

"అన్నీ?"

"అన్నీ."

"మరి పిన్ను ఏం తప్పు చేసింది? తలుపు కొట్టింది. లోపటోళ్లు లేవలె."

వాటిని ఒక్కొక్కటి తిప్పి పెట్టి, అంచు మీద ఇంకో చోట దెబ్బ పడేలా మళ్లీ కాల్చి చూశాడు. పదకొండింటిలో రెండే పేలాయి. అప్పుడు ఆయన ముఖం మారింది. కోపం కాదు, పని దొరికిన మనిషి ముఖం. "పల్చగ ఉంటే తిప్పితె పేలాలె. ఇవి లోపలనే సచ్చినయ్. ఏడ పెడుతున్నవ్ వీటిని?"

నేను సంబరంగా ఫ్రీజర్ చూపించాను. ఆయన మూత ఎత్తి, లోపల చెయ్యి పెట్టి, ఒక డబ్బా తీసి, తెరిచి బల్ల మీద పెట్టాడు. నాలుగు నిమిషాలు గడిచేసరికి ఇత్తడి మీద చెమట పట్టింది. నా చెయ్యి దానంతట అదే తువ్వాలు తీసుకుని తుడవడం మొదలుపెట్టింది.

"రోజూ గిట్లనే తుడుస్తవా?"

"తుడుస్త అన్నా. తడి ఉంటది గద."

"తువ్వాల సూడు."

తువ్వాలు నిండా పసుపుపచ్చటి మైనం. సీసపు గుండు, ఇత్తడి గొట్టం కలిసే చోట ఎంతో కొంత తడిని ఆపేది ఆ మైనమే. రోజూ తడి పట్టించి, ఆ తడిని ఆపేదాన్ని రోజూ నేనే తుడిచేశాను. రెండు నెలలు, పొద్దునా సాయంత్రం. కొన్నింటిలో తేమ లోపలి మందు దాకా దిగిపోయింది.

మేస్త్రి నవ్వాడు. నిజంగానే నవ్వు వచ్చి నవ్వాడు. "తమ్మీ, పాల ప్యాకెట్లు అనుకున్నవా గివి? ఇంక నయం, కాగబెట్టలె."

తర్వాత బీరువా అడుగున మిగిలిన పెట్టె తీయమన్నాడు. అదే సరుకు, ఒకే విడతలో తయారైన అదే లాటు, ఎండలో మైనం కరిగి మళ్లీ గడ్డకట్టినవి. మూడో నంబర్‌లో, ఆయన చేసిన పిన్నుతో, వాటిలోంచి యాభై కాల్చాం. సగం ఆయన, సగం నేను. యాభైకి యాభై పేలాయి. కాల్చిన గొట్టాలను ఆయన ఏరి కుప్ప పోసి, పెట్టె సర్దుకున్నాడు.

"ఆదివారం క్లబ్ మీటింగ్ ఉన్నది కద. నువ్వే చెప్పు. నేను చెప్తే నా పిన్నును నేనే మెచ్చుకున్నట్టయితది."

"చెప్త అన్నా" అన్నాను.

చెప్పలేదు.

ఆదివారం మీటింగ్‌కు వెళ్లాను. మాటలు నోట్లో సిద్ధం చేసుకునే వెళ్లాను. ఆ రోజు జిల్లా నుంచి ఇద్దరు అతిథులు వచ్చారు. నేను నోరు తెరిచేలోపే సెక్రటరీ వాళ్లను స్టోర్‌కు తీసుకొచ్చి ఫ్రీజర్ చూపించి, "గిది మా ఇంచార్జి ఐడియా" అన్నాడు. వాళ్లు నాతో చెయ్యి కలిపారు. ఆ చెయ్యి కలిపిన తర్వాత నేను ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. అంతే. దీనికంటే పెద్ద కారణం ఏదీ లేదు. ఉంటే రాసేవాణ్ణి.

మరుసటి వారం డెయిరీలో అవసరం పడిందని చెప్పి ఫ్రీజర్ వెనక్కి పంపాను. పాత తూటాలు మెల్లగా పక్కన పెట్టించాను. కొత్త సరుకు వచ్చింది. సిటీ అవతలి నుంచి పిలిపించిన వేరే మనిషి మూడో నంబర్‌కు తన పిన్ను వేశాడు. తూటాలు ఆగడం మానేశాయి. కొత్త పిన్ను మహిమ అన్నారు. నేను తల ఊపాను. ఆ కాగితం రాసేటప్పుడు నాకు నిజం తెలియదు. తెలిసిన రోజు నుంచి మాత్రం అది నా అబద్ధమే.

మేస్త్రిని క్లబ్ మళ్లీ పిలవలేదు. మా క్లబ్ మాట విని ఇంకో రెండు క్లబ్‌లు కూడా మానేశాయి. ఆయన కొట్టులో కుట్టు మిషన్లు, తాళాలు కనిపించసాగాయి. ఒకసారి ధూల్‌పేట్ రోడ్డు మీద వినాయకుడి విగ్రహాల లారీకి దారిచ్చి పక్కకు జరిగితే, పక్కన ఆయన ఉన్నాడు. తప్పించుకునే చోటు లేదు.

"పిస్టళ్లు మంచిగ నడుస్తున్నయా తమ్మీ?"

"నడుస్తున్నయ్ అన్నా."

"మంచిది" అని లారీ వెళ్లాక వెళ్లిపోయాడు. మీటింగ్‌లో ఏమైందని అడగలేదు. అడిగి ఉంటే నాకు ఎంత తేలిక అయ్యేదో.

ఈ సంవత్సరం చిన్న పిస్టళ్ల రాష్ట్ర పోటీ మా రేంజ్‌కు వచ్చింది. మా గోదాము వెనక స్థలానికి, ఆ రేకుల కప్పుకు అది దక్కడం అంటే మామూలు గర్వం కాదు. పోటీలో తనిఖీ బల్ల దగ్గర ఒక మేస్త్రి కూర్చోవాలి. పిస్టళ్లు, తూటాలు చూసి, ఆగిపోయిన తూటా ఎవరి తప్పో తేల్చే మనిషి. ఏర్పాట్లన్నీ మా కోచ్ చూస్తోంది. మా కోచ్ అంటే ఆ లైన్‌మన్ కూతురే. మరుసటి ఏడాది జట్టులో చోటు సంపాదించుకుంది, రెండు పతకాలు తెచ్చింది, ఇప్పుడు మా పిల్లలకు నేర్పుతోంది.

ఒక రోజు లైసెన్సు ఉన్న మేస్త్రుల జాబితా, పాత ఫైలు పట్టుకుని స్టోర్‌లోకి వచ్చింది.

"అంకుల్, గీయన ఆ పిన్ను చేసినాయనే కద? మీ రిపోర్ట్ ఉన్నది. పేరు కొట్టేస్తున్న." పెన్ను ఆ పేరు మీదే ఉంది.

"కొట్టెయ్యకు బిడ్డా" అన్నాను.

ఎందుకని అడిగింది. స్టూలు జరిపి కూర్చోమన్నాను. ఫ్రీజర్ నుంచి యాభై తూటాల దాకా అంతా చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారే మాట్లాడింది. "ఆదివారం మీటింగ్ కంటె ముందే మీకు తెల్సా?"

"తెల్సు."

పెన్నుకు మూత పెట్టి జాబితా మీద ఉంచింది. తర్వాత మెల్లగా అంది. "సెలెక్షన్ పోయిన రెండు వారాలకు నేను ఆయన కొట్టు కాడికి పోయిన అంకుల్. బజార్ల నిలవడి, మీ చేతులు సచ్చినయ్, ఇంక తుపాకులు ముట్టకుండ్రి అన్న. అందరు సూసిండ్రు. ఆయన ఏమన్లె. చాయ్ తాగుతవా బిడ్డా అన్నడు."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. ఫ్రీజర్ అన్న ఒక్క మాట. చెప్పలేదు, ఎందుకంటే చెప్తానని నేను మాటిచ్చాను.

"నాకు ఒక్కదానికి చెప్తే ఒడువది అంకుల్, సాలదు" అంది లేస్తూ. "ఫైల్ల ఉన్నది. ఫైల్లనే తియ్యాలె."

రెండు పేజీలు రాశాను. క్లబ్ కమిటీ ముందు నిలబడి చదివాను. సెక్రటరీకి ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. అంతా విని, "తొమ్మిదేండ్లు ఏం చేసినవ్?" అని అడిగాడు.

"కూసున్న సార్."

స్టోర్ తాళాలు బల్ల మీద పెట్టాను. ఇవ్వమని ఎవరూ అడగలేదు, వెనక్కి తీసుకోమని కూడా ఎవరూ అనలేదు. అదే సరైనది. మేస్త్రిని తనిఖీ బల్లకు పిలవాలని అక్కడే నిర్ణయించి, పిలుపు ఉత్తరం నన్నే తీసుకెళ్లి ఇమ్మన్నారు. కోచ్ తానూ వస్తానంది.

కొట్టులో ఆయన ఒక కుట్టు మిషన్ విప్పి పెట్టుకుని ఉన్నాడు. కోచ్ గడప బయటే నిలబడి చేతులు జోడించింది. "ఆనాడు నోరు జారిన సార్."

"గప్పుడు చాయ్ తాగకుంట పోయినవ్" అన్నాడు ఆయన. "గిప్పుడన్న తాగుతవా?"

నేను ఉత్తరం, దానితోపాటు నా రెండు పేజీల నకలు ఇచ్చాను. మాఫ్ చెయ్యి అన్నా అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టి, ముందు చదవనిమ్మన్నాడు. భూతద్దంతో వరుస వరుసా చదివాడు. పిలుపు ఉత్తరాన్ని మడిచి పక్కన పెట్టి, నా పేజీలు తిరిగి ఇచ్చేశాడు.

"గిదేంది తమ్మీ. నేను పాపం చేసిన, నేను తప్పు చేసిన అని పేజీకి నాలుగుసార్లు రాసినవ్. తేమ అని ఒక్కసారి రాసినవ్. గిది సదివి ఎవడేం నేర్చుకుంటడు?"

"ఏం రాయాలె అన్నా?"

"పొద్దున తీసి పొద్దూక పెట్టినవని రాయి. ఎన్ని దినాలు పెట్టినవో రాయి. తువ్వాలతోని మైనం పోయిందని రాయి. నాలుగు పిస్టళ్లల్ల ఆగినయని రాయి, మూడో నంబర్ ఒక్కదాంట్ల కాదని. అదే లాటు బీరువాల పెట్టె యాభై పేలినయని రాయి. రేపు ఇంకో పాలోడు స్టోర్‌కు వస్తే వానికి తెల్వాలె."

అక్కడే స్టూలు మీద కూర్చుని, కుట్టు మిషన్ మూత బల్లగా పెట్టుకుని మళ్లీ రాశాను. ఆయన ఒక్కో వాక్యం విని, కొన్ని ఒప్పుకున్నాడు, కొన్ని కొట్టించాడు. పాపం అన్న మాట ఎక్కడ కనిపించినా కొట్టించాడు. ఆ సందులో కూర్చుని, డెబ్బై దాటిన ఆ మనిషి వేలు పెట్టి చూపించిన చోటల్లా దిద్దుతుంటే, సిగ్గుతోపాటు నాకు ఇంకొకటి కూడా కలిగింది. నాకు పని నేర్పింది ఈయన. అది ఎవరి ముందైనా చెప్పుకోగలను. చివరికి ఒకటిన్నర పేజీ అయింది. ఇప్పుడు ఫైల్లో పాత కాగితం మీద కుట్టి ఉన్నది అదే.

నన్ను మాఫ్ చేశాడో లేదో ఆయన చెప్పలేదు. లేచి వస్తుంటే మాత్రం పిలుపు ఉత్తరం మళ్లీ విప్పి తేదీ చూసుకున్నాడు.

"బల్ల ఏడ ఏస్తున్నరు?"

"గోడ పక్కకు అన్నా, లైటు కింద."

"లైటు వద్దు. గుర్తులు ఎండ వెలుతుర్లనే మంచిగ కనవడ్తయ్. కిటికీ కాడ ఎయ్యమను. కండ్లు మునుపటి లెక్క లేవు."

పోటీకి ముందు రోజు నేను, కోచ్ కలిసి ఆ బల్లను తూర్పు కిటికీ దగ్గరికి మోశాం. బరువైన టేకు బల్ల. మధ్యలో రెండుసార్లు దించాల్సి వచ్చింది. దాని మీద కాగితం మడిచి నిలబెట్టి, ఆయన పేరును కోచ్ పెద్ద అక్షరాలతో రాసింది. మరునాడు తొమ్మిదింటికి ఆయన రేకు పెట్టెతో వచ్చి కూర్చునేసరికి, పిస్టళ్లు పట్టుకుని ఎనిమిది క్లబ్‌ల వాళ్లు ఆ బల్ల ముందు వరుసలో ఉన్నారు. నేను వరుస చివర నిలబడి, కొత్తగా వచ్చినవాళ్లకు ఆ బల్ల చూపిస్తూ, "ముందు ఆయన దగ్గరికి పోండ్రి" అని చెబుతూ ఉన్నాను.